సూది కదిలిన దినం: మైకేల్ ఫారడే జీవితం

గోదావరి డెల్టాలో ఒకప్పుడు కాలువగట్ల మీద రాత్రివేళ సైకిలు తొక్కినవారందరికీ ఒక చిన్న యంత్రం పరిచయమే. చక్రపు టైరుకు ఆనించిన డైనమో చక్రంతోపాటు తిరిగేది. ముందున్న దీపం వెలిగేది. తొక్కు హెచ్చితే వెలుగు హెచ్చేది. తొక్కు తగ్గితే వెలుగు మందగించేది. చక్రం ఆగితే దీపం ఆరిపోయేది. కాలి కదలికయే కాంతిగా మారుతున్నదని ఏ శాస్త్రమూ చదువనివారికి సైతం కంటికెదురుగా కనిపించేది. ఆ డైనమో లోపల ఉన్న ముఖ్యవస్తువులు రెండే: ఒక అయస్కాంతం, ఒక రాగితీగ చుట్ట. ఆ రెండింటికీ నడుమ గల బంధుత్వాన్ని లోకానికి వెల్లడించిన మహనీయుడు మైకేల్ ఫారడే.

పెద్దయెత్తున జరిగేది కూడా ఈ చిన్న దీపం కథయే. గోదావరికి ఉపనది శబరి. శబరిలో కలిసేది సీలేరు. సీలేరు పైభాగానికే మాచ్‌ఖండ్ అని పేరు. ఆంధ్ర, ఒరిస్సా రాష్ట్రాలు కలసి నిర్మించిన మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రం 1955లో పనిచేయ నారంభించింది. ఎత్తునుండి దిగివచ్చే నీటి వేగం చక్రాన్ని త్రిప్పుతుంది. చక్రం అయస్కాంతాన్ని త్రిప్పుతుంది. చుట్టూ ఉన్న తీగలలో విద్యుత్తు పుడుతుంది. సైకిలు దీపానికీ, నగరాల దీపమాలలకూ సూత్రం ఒక్కటే. భేదమల్లా పరిమాణంలోనే.

అయితే ఫారడే 1831లో కనుగొన్న విద్యుత్తు నగరానికి మాట అటుంచి, సైకిలు దీపానికి కూడా చాలేది కాదు. ఒక సూదిని రవంత కదిల్చి, మరుక్షణమే మాయమైన ప్రవాహం అది. తరువాత వచ్చిన ఇంజనీర్లు ఆ రవంతను పెంచి, పెంచి, మహాయంత్రాలుగా తీర్చారు. ఇప్పుడు విచిత్రమేమంటే, ఆ మహాయంత్రాల ఆరోగ్యాన్ని కనిపెట్టి ఉండడానికి పరిశ్రమలు మళ్లీ ఫారడే నాటి అల్పప్రవాహాన్నే ఆశ్రయిస్తున్నాయి. యంత్రం పనిచేసేటప్పుడు కలిగే వణుకునుండి చిటికెడు విద్యుత్తు తీసి, దానితోనే యంత్రం నాడిని చూచే పరికరాలు వచ్చాయి. అల్పమని తోసివేయదగినది ప్రకృతిలో లేదని నమ్మిన ఒక మనిషి జీవితం ఈ కథకంతటికీ మూలం.

ఫారడే 1791 సెప్టెంబరు 22వ తేదీన, నేడు లండను నగరంలో కలసిపోయిన న్యూయింగ్టన్ బట్స్ అనే చోట జన్మించాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. కొలిమి పనికి కావలసిన దేహబలం ఆయనకు లేదు, తరచు జబ్బుపడేవాడు. తల్లి మార్గరెట్ నలుగురు బిడ్డలను గుట్టుగా పెంచుకొచ్చింది. 1801లో ధాన్యం ధరలు మండిపోయిన రోజులలో పదేండ్ల మైకేలుకు వారమంతటికీ కలిపి ఒక్క రొట్టె వంతుకు వచ్చేదట. బడిలో ఆయన నేర్చినది చదవడం, వ్రాయడం, కొద్దిపాటి లెక్కలు, అంతే. పదమూడవ యేట ఆ చదువు కూడా ముగిసింది.

1804లో జార్జి రీబో అనే పుస్తకవ్యాపారి దుకాణంలో ఆ బాలుడు పనికి కుదిరాడు. మొదట వార్తాపత్రికలు ఇంటింటికీ చేర్చడం. మరుసటి సంవత్సరం నుండి ఏడేండ్లపాటు పుస్తకాలకు అట్టలు కట్టే పని నేర్వడం. చేతిలోకి వచ్చిన పుస్తకానికి అట్టకట్టి ఊరుకోక, దానిని విప్పి చదివే అలవాటు ఆయనకు పట్టుబడింది. యజమాని కోపించలేదు, పైగా ప్రోత్సహించాడు. ఒక విజ్ఞానసర్వస్వంలో విద్యుత్తును గురించిన వ్యాసం, జేన్ మార్సెట్ అనే విదుషి సంభాషణల రూపంలో రచించిన రసాయనశాస్త్ర గ్రంథం, ఈ రెండూ ఆయనను శాస్త్రం వైపు మరల్చాయి. చదివినది నిజమో కాదో స్వయంగా చేసి చూడనిదే ఆయన నమ్మేవాడు కాడు. అణా కాసులవంటి చిల్లర కూడబెట్టి సీసాలు, తీగలు కొని, చిన్న విద్యుద్యంత్రాన్ని తానే తయారుచేసుకొన్నాడు.

1810లో తండ్రి మరణించాడు. ఆ సంవత్సరమే టాటమ్ అనే ఆయన తన ఇంట సాయంవేళ శాస్త్రోపన్యాసాలు ఇస్తున్నాడని తెలిసింది. ప్రవేశానికి ఒక షిల్లింగు కావాలి. కమ్మరిపని చేసుకొనే అన్న రాబర్టు ఆ షిల్లింగు ఇచ్చి తమ్ముణ్ణి పంపాడు. విన్న ప్రతి మాటా, చూచిన ప్రతి బొమ్మా ఇంటికి వచ్చి వ్రాసుకోవడం ఫారడే నియమం. ఈ నియమమే ఆయన తలవ్రాతను మార్చింది.

1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ చేస్తున్న ఉపన్యాసాలకు దుకాణానికి వచ్చే ఒక పెద్దమనిషి టిక్కెట్లు ఇప్పించాడు. డేవీ ఆ కాలాన ఐరోపా అంతటా పేరుమోసిన రసాయనశాస్త్రవేత్త. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విని, వాటిని చక్కని దస్తూరితో, బొమ్మలతో సహా తిరిగి వ్రాసి, తన చేతులతోనే అట్టకట్టి, శాస్త్రసేవకు ఏదైనా పని ఇప్పించవలసిందని కోరుతూ డేవీకి పంపాడు. డేవీ ఆదరంగా మాట్లాడాడు గాని ఖాళీ లేదన్నాడు. కొన్ని వారాలకు ప్రయోగశాల సహాయకుడొకడు కొట్లాటకు దిగి ఉద్యోగం పోగొట్టుకొన్నాడు. 1813 మార్చి 1వ తేదీన ఆ స్థానం ఫారడేకు లభించింది. వారానికి 25 షిల్లింగుల జీతం, మేడపైన రెండు గదులు, కాల్చుకోను బొగ్గులు, వెలిగించుకోను కొవ్వొత్తులు. అట్టలు కట్టిన చేతులు అప్పటినుండి గాజుగొట్టాలు కడగసాగాయి.

ఆ శరత్కాలంలోనే డేవీ దంపతులు ఐరోపా యాత్రకు బయలుదేరి, ఫారడేను వెంటబెట్టుకొని పోయారు. యాత్ర ఒకటిన్నర సంవత్సరం సాగింది. విద్యుద్ఘటాన్ని కల్పించిన వోల్టానూ, తరువాత విద్యుదయస్కాంత శాస్త్రానికి గణితరూపం ఇచ్చిన ఆంపియర్‌నూ చూచే భాగ్యం ఆయనకు కలిగింది. అదే యాత్రలో డేవీ భార్య ఆయనను నౌకరుగానే చూచింది. బండిలో చోటు, భోజనాల బల్ల దగ్గర పంక్తి, అన్నిటిలోను తక్కువచేసింది. తిరిగిపోదామా అన్నంతగా మనస్సు నొచ్చినా, నేర్చుకొనవలసినది ఇంకా మిగిలి ఉన్నదని ఓర్చుకొన్నాడు.

1820లో డెన్మార్కు దేశీయుడు ఎర్‌స్టెడ్ ఒక వింతను ప్రకటించాడు. విద్యుత్తు ప్రవహించే తీగ దగ్గరకు వస్తే దిక్సూచి ముల్లు ప్రక్కకు తిరుగుతుంది. అంతదాకా వేర్వేరని భావించిన విద్యుత్తుకూ, అయస్కాంతానికీ సంబంధం ఉన్నదన్నమాట. 1821 సెప్టెంబరులో ఫారడే పాదరసం నింపిన పాత్రలో నిలిపిన అయస్కాంతం చుట్టూ, విద్యుత్తు ప్రవహించే తీగ ఎడతెగక తిరిగేటట్లు చేశాడు. విద్యుత్తునుండి నిరంతర చలనం పుట్టింది. నేడు పల్లెటూరి పిండిమిల్లులోనూ, పొలంలోని బోరుబావి దగ్గరా తిరిగే ప్రతి మోటారుకూ మూలపురుషుడు ఆ పాదరసపు పాత్రయే.

ఈ కీర్తి వెంటనే అపకీర్తి కూడా వచ్చింది. వొలాస్టన్ అనే పెద్ద శాస్త్రజ్ఞుడు అంతకుముందు ఇటువంటి ప్రయత్నమే చేస్తూ ఉండగా, ఆయన పేరు ప్రస్తావించకుండా ఫారడే తన ఫలితం ప్రకటించాడని కొందరు గుసగుసలాడారు. వొలాస్టన్ వెదకినది వేరు, ఫారడే సాధించినది వేరు. అయినా నింద నిలిచింది. 1824 జనవరిలో ఫారడేను రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నుకొన్నారు. వ్యతిరేకంగా పడిన ఓటు ఒక్కటే. ఆ ఎన్నికను వ్యతిరేకించినవాడు మరెవరో కాదు, అప్పటి సొసైటీ అధ్యక్షుడు, తన్ను ప్రయోగశాలకు చేర్చిన గురువు డేవీయే. శిష్యుడు ఎదిగితే గురువు మనస్సు కుంచించుకొనిపోయిన సందర్భం అది. ఫారడే ఎన్నడూ గురువును దూషించలేదు. జీవితాంతం డేవీని గౌరవంతోనే స్మరించాడు.

విద్యుత్తునుండి చలనం వచ్చినప్పుడు, చలనంనుండి విద్యుత్తు ఎందుకు రాకూడదన్న ప్రశ్న ఆయనను పదేండ్లు వెంటాడింది. అయస్కాంతం దగ్గర తీగ ఉంచితే తీగలో ప్రవాహం పుట్టాలని ఐరోపాలో అనేకులు ఊహించారు. బలమైన అయస్కాంతాలు తెచ్చారు; పొడవైన తీగలు చుట్టారు; సూది మాత్రం కదలలేదు. జెనీవాలో కొలడాన్ అనే యువకుడు 1825లో ఎంతో జాగ్రత్త వహించాడు. అయస్కాంతం సూదిని సూటిగా లాగుతుందేమోనని, సూది గల పరికరాన్ని పక్కగదిలో ఉంచి, పొడవైన తీగలతో కలిపాడు. ఈ గదిలో అయస్కాంతాన్ని తీగచుట్టలోనికి చొప్పించి, ఆ గదికి నడచి వెళ్లి చూచేవాడు. సూది నిశ్చలంగా ఉండేది. నిజానికి అది కదిలింది. ఆయన అక్కడికి చేరేలోపల తిరిగి యథాస్థానానికి వచ్చింది. కొన్ని అడుగుల నడకలో ఒక మహావిషయం చేజారిపోయింది.

1831 ఆగస్టు 29వ తేదీన ఫారడే ఆరంగుళాల వెడల్పు గల మెత్తని ఇనుప కడియం తీసుకొన్నాడు. దానికి ఒక వైపున ఒక రాగితీగను, రెండవ వైపున మరొక రాగితీగను, మధ్య గుడ్డ, దారం అడ్డుపెట్టి చుట్టాడు. రెండవ తీగ కొసలను కొంతదూరంలో ఉన్న అయస్కాంతపు సూది మీదుగా పోనిచ్చాడు. మొదటి తీగను విద్యుద్ఘటానికి తగిలించగానే సూది చలించింది. వెంటనే ఊగిసలాడి నిలిచిపోయింది. ప్రవాహం ఉన్నంతసేపూ సూది కదలలేదు. తీగను విడదీసినప్పుడు మళ్లీ చలించింది. అందరూ నిలకడగా ఉండే ఫలితంకోసం ఎదురుచూస్తూ ఉండగా, ఆయన కన్ను క్షణికమైన ఆ చలనాన్ని పట్టుకొన్నది.

అది పొరపాటేమోనని ఆయన త్రోసిపుచ్చలేదు; గొప్ప విజయమని చాటుకోనూ లేదు. వారాల తరబడి మార్చి మార్చి చూచాడు. అక్టోబరు 17వ తేదీన బోలుగా చుట్టిన తీగచుట్టలోనికి అయస్కాంతపు కడ్డీని చురుకుగా జొనిపాడు. సూది ఒక వైపు తిరిగింది. కడ్డీని బయటికి లాగితే రెండవ వైపు తిరిగింది. కడ్డీ చుట్టలోపల ఊరక ఉంటే సూదీ ఊరక ఉన్నది. దానితో రహస్యం బయటపడింది. విద్యుత్తును పుట్టించేది అయస్కాంతపు ఉనికి కాదు, అయస్కాంతపు కదలిక. అక్టోబరు 28వ తేదీన పెద్ద అయస్కాంతపు ధ్రువాల నడుమ రాగి బిళ్లను త్రిప్పి, త్రిప్పినంతసేపూ ఆగని ప్రవాహాన్ని సాధించాడు. ప్రపంచంలో మొదటి విద్యుజ్జనకం అది. నవంబరు 24వ తేదీన రాయల్ సొసైటీ సభలో ఈ ఫలితాలు చదివారు. అమెరికాలో జోసెఫ్ హెన్రీ కూడా ఇదే సత్యాన్ని స్వతంత్రంగా కనుగొన్నాడు. ముందుగా ప్రకటించినవాడు ఫారడే.

కదలిక ఖర్చుకాకుండా విద్యుత్తు రాదన్న సంగతి కూడా ఇందులో ఇమిడి ఉన్నది. తీగచుట్టలో పుట్టిన ప్రవాహం తన్ను పుట్టించిన కదలికకే ఎదురుతిరుగుతుందని 1834లో లెంజ్ అనే శాస్త్రజ్ఞుడు సూత్రీకరించాడు. డైనమో ఆనించిన సైకిలు తొక్కడం కొంచెం బరువనిపించేది అందుచేతనే. ప్రకృతి ఇచ్చేదానికి వెల తీసుకొంటుంది, ఊరక ఇవ్వదు.

ఫారడేకు గణితం రాదు. ఆయన నోటుపుస్తకాలలో సమీకరణాలు కానరావు. ఆ లోటును ఆయన మనోనేత్రంతో పూడ్చుకొన్నాడు. కాగితంక్రింద అయస్కాంతం ఉంచి పైన ఇనుపరజను చల్లితే, రజను వంపులు వంపులుగా బారులు తీరుతుంది. ఆ బారులను ఆయన బొమ్మలుగా కాక ఆకాశంలో నిజంగా వ్యాపించి ఉన్న బలరేఖలుగా భావించాడు. తీగ ఆ రేఖలను కోసినప్పుడు విద్యుత్తు పుడుతుందన్నాడు. గణితవేత్తలు మొదట దీనిని పట్టించుకోలేదు. 1850లలో మాక్స్‌వెల్ అనే యువకుడు ఆ రేఖలకు గణితభాష కల్పించాడు. రేడియో తరంగాల వరకూ నడచిన దారి అక్కడినుండే బయలుదేరింది. ఈ దినాన కర్మాగారంలోని చిన్న పరికరం తీగ లేకుండా వార్త పంపగలుగుతున్నదంటే, ఆ శక్తికి కూడా పునాది కమ్మరి బిడ్డ ఊహించిన ఆ వంపు రేఖలే.

ఆయన దినచర్య నియమబద్ధమైనది. ప్రతి ప్రయోగాన్నీ, ఫలించినదానినీ, ఫలించనిదానినీ, సంఖ్యలువేసి వ్రాసి ఉంచాడు. ఆ పేరాల సంఖ్య 16,041 వరకు పోయింది. వాటిలో వైఫల్యాలు లెక్కలేనన్ని. వ్యాపారసంస్థలకు రసాయన పరీక్షలు చేసిపెట్టి విశేషంగా ఆర్జించే అవకాశం చేతిలో ఉండగా, పరిశోధనకు వేళ చాలదని దానిని క్రమంగా వదలుకొన్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్షపదవి రెండుసార్లు ఎదురువస్తే రెండుసార్లూ వద్దన్నాడు. సర్ బిరుదును కూడా స్వీకరించలేదు. భార్య సారాతో కలసి నిరాడంబరమైన చిన్న క్రైస్తవశాఖలో సభ్యుడై, పెద్దల సన్మానాలకంటె పేదల ఇండ్లకు వెళ్లి పరామర్శించడంలోనే తృప్తి పొందాడు. వారికి సంతానం లేదు.

సంతానం లేని ఆ మనిషి లండను బాలబాలికల కందరికీ ఉపాధ్యాయుడైనాడు. క్రిస్మసు సెలవులలో పిల్లలకోసం రాయల్ ఇన్‌స్టిట్యూషన్ 1825లో ఆరంభించిన ఉపన్యాసాలలో, 1827 నుండి 1860 వరకు 19 సంవత్సరాలవి ఆయనే చేశాడు. ఒక కొవ్వొత్తిని వెలిగించి, దానినే ఆధారంగా గాలి, నీరు, దహనం, శ్వాస అన్నింటినీ వివరించిన ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చి నేటికీ చదవబడుతున్నాయి. ముందు వస్తువును చూపాలి, తరువాత దాని పేరు చెప్పాలి అన్నది ఆయన బోధనలో కనిపించే క్రమం. తాను బడిలో పొందలేని చదువును ఆయన ఆ విధంగా పిల్లలకు పంచిపెట్టాడు.

తన అల్పప్రవాహం పెరిగి పెద్దదై లోకానికి ఉపకరించడాన్ని ఆయన కండ్లారా చూచాడు. నావికులకు దారిచూపే దీపస్తంభాలకు ఆయన 1836 నుండి శాస్త్ర సలహాదారు. 1858 డిసెంబరులో సౌత్ ఫోర్లండ్ దీపస్తంభంలో, అయస్కాంత యంత్రం పుట్టించిన విద్యుత్తుతో దీపం వెలిగించారు. 1860లో, దాదాపు డెబ్బది యేండ్ల వయస్సున, మంచు కప్పిన దారులు మూసుకొనిపోయి ఉంటే, కంచెలూ గోడలూ ఎక్కి దిగి, పొలాలకు అడ్డంపడి నడచి, ఆయన ఆ దీపాన్ని పరీక్షించడానికి చేరుకొన్నాడు. సరిగ్గా ఆ సంవత్సరాల వెనుకనే, 1847 నుండి 1852 వరకు, ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ గోదావరికి ఆనకట్ట కట్టించాడు. ఒకడు నదీప్రవాహాన్ని పొలాలకు మళ్లిస్తూ ఉండగా, మరొకడు కదలికనుండి పుట్టిన ప్రవాహాన్ని దీపాలకు మళ్లించే దారి వేశాడు. తరువాతి తరాలలో ఆ రెండు దారులూ ఈ డెల్టాలోనే కలుసుకొన్నాయి. 2015లో పట్టిసీమ వద్ద ఏర్పడిన ఎత్తిపోతలలో గోదావరి నీటిని పైకి తోడి కృష్ణవైపు పంపేవి విద్యుత్తుతో తిరిగే పంపులే.

చివరి సంవత్సరాలలో ఫారడేను మతిమరపు పీడించింది. నిన్న చేసిన ప్రయోగం నేడు జ్ఞాపకం రాని స్థితిలో ఆయన ఒక్కొక్క బాధ్యతనే విడిచిపెట్టాడు. రాణి విక్టోరియా ఇప్పించిన హాంప్టన్ కోర్టు ఇంటిలో, 1867 ఆగస్టు 25వ తేదీన, కుర్చీలో కూర్చుండియే ప్రశాంతంగా కన్నుమూశాడు. హైగేటు శ్మశానంలో ఆయన సమాధిమీద ఉన్నవి పేరు, జనన మరణ తేదీలు మాత్రమే.

ఇక ఆయన చూడని అధ్యాయం ఒకటి ఉన్నది. పెద్ద కర్మాగారంలో, ఉదాహరణకు కాగితపు మిల్లులో, వందలకొలది ఇరుసులు తిరుగుతూ ఉంటాయి. ప్రతి ఇరుసూ బేరింగులమీద ఆధారపడి ఉంటుంది. బేరింగు అరిగేటప్పుడు ముందుగా దాని వణుకు మారుతుంది, తరువాత వేడెక్కుతుంది, ఆపై పగులుతుంది. పూర్వం అనుభవం గల మేస్త్రీ ఒక ఇనుప కడ్డీ కొసను యంత్రానికి ఆనించి, రెండవ కొసను చెవికి చేర్చి, లోపలి చప్పుడును బట్టి జబ్బు పసిగట్టేవాడు. ఆ చెవి చేసిన పనినే నేడు సెన్సర్ అనే చిన్న పరికరం చేస్తున్నది. వణుకునూ, వేడినీ కొలిచి, అపాయం రాకముందే కబురు పంపుతుంది. యంత్రం విరిగి ఉత్పత్తి ఆగడమే కాదు, దాని దగ్గర నిలబడిన కార్మికుని ప్రాణం కూడా ఆ కబురుమీద ఆధారపడి ఉండవచ్చు.

అయితే ఆ సెన్సరుకు ఆహారమేది? వందలాది చోట్లకు తీగలు లాగడం ఖర్చుతో కూడిన పని. తిరిగే భాగాలకు తీగ తగిలించడం మరీ కష్టం. బ్యాటరీ పెడితే అది కొంతకాలానికి నీరసిస్తుంది. ఎత్తైన చోట్ల, వేడి చోట్ల, మండే వాయువులు ఉండే చోట్ల దానిని మార్చడానికి మనుష్యులు వెళ్లాలి. ఇక్కడే 1831 అక్టోబరు నాటి కడ్డీ, తీగచుట్ట మళ్లీ రంగంలోకి దిగాయి. చేతిలో పట్టే చిన్న పెట్టెలో ఒక అయస్కాంతాన్ని స్ప్రింగుమీద నిలుపుతారు. దాని పక్కన తీగచుట్ట ఉంటుంది. పెట్టెను మోటారుకు బిగిస్తే, మోటారు వణుకుకు అయస్కాంతం ఊగుతుంది. ఊగినప్పుడెల్లా తీగలో ప్రవాహం పుడుతుంది. దాని బలం సాధారణంగా వాటులో వెయ్యవ వంతులలో ఉంటుంది.

ఆ కొంచెం ఎట్లా చాలుతుందంటే, సెన్సర్ ఎల్లవేళలా మేలుకొని ఉండదు. పుట్టిన విద్యుత్తును కెపాసిటర్ అనే భాండంలో బొట్టుబొట్టుగా కూడబెడతారు. తగినంత చేరగానే సెన్సర్ మేలుకొని, కొలత తీసి, రేడియో ద్వారా వార్త పంపి, మళ్లీ నిద్రపోతుంది. ఆ భాండం ఎంత పట్టగలదో కొలిచే ప్రమాణానికి పేరు ఫారడ్. ఫారడే పేరుమీదుగానే దానికి ఆ పేరు పెట్టారు.

ఇందులో ఒక మెలకువ ఉన్నది. ఊయలను ఊపేవారు అది వెనుకకు వచ్చి మరలే సమయం కనిపెట్టి తోస్తే చిన్న తోపుకే ఊయల పైకి లేస్తుంది. వేళకాని వేళ తోస్తే ఎంత బలం పెట్టినా నిలిచిపోతుంది. అయస్కాంతాన్ని మోసే స్ప్రింగు సహజమైన ఊపు, యంత్రపు వణుకు ఒకే లయలో ఉండాలి. భారతదేశంలో సరఫరా అయ్యే విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు. నాలుగు ధ్రువాల సామాన్య మోటారు సెకనుకు ఇంచుమించు 25 చుట్లు తిరుగుతుంది. ఇటువంటి స్థిరమైన లయకు పెట్టెను శ్రుతి చేయవచ్చు. వేగం మాటిమాటికీ మారే యంత్రం దగ్గర శ్రుతి తప్పుతుంది. యంత్రం ఆగితే పెట్టె కూడా మూగబోతుంది. ఈ లోపాలను సవరించడానికి పరిశోధనలు సాగుతున్నాయి. స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్న ధర్మాన్ని కూడా కొన్ని పరికరాలలో వాడుతున్నారు.

ఇంగ్లండులో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంనుండి 2004లో వెలువడిన పర్పెచువమ్ అనే సంస్థ ఇటువంటి పెట్టెలను తయారుచేసింది. తరువాత వాటిని రైలుపెట్టెల చక్రాల దగ్గర అమర్చారు. పట్టాలమీద చక్రం పొందే కుదుపే సెన్సరుకు ఆహారం, ఆ సెన్సరే చక్రపు బేరింగుకు కావలి. 2021లో ఆ సంస్థను హిటాచీ రైల్ కొనుగోలు చేసింది. ఫారడే బ్రతికిన దేశంలోనే, ఆయన చూచిన అంతటి అల్పప్రవాహం, పెంచవలసిన అవసరం లేకుండానే, ప్రయాణికులకు రక్షణగా నిలిచింది.

ఉపాధ్యాయులకు ఫారడే జీవితం ఒక పనిని అప్పగిస్తున్నది. ఒక అయస్కాంతపు కడ్డీ, కొన్ని గజాల రాగితీగ, ఒక గాల్వనోమీటరు ఉన్న ఏ ఉన్నతపాఠశాలలోనైనా 1831 నాటి ఆ ప్రయోగాన్ని అరగంటలో చేసి చూపవచ్చు. సూత్రాన్ని నల్లబల్లమీద వ్రాసి కంఠస్థం చేయించడం కొలడాన్ సూదిని పక్కగదిలో ఉంచినట్టిదే. విషయం జరుగుతుంది గాని పిల్లవాడు చూడడు. కడ్డీని పిల్లవాని చేతికే ఇవ్వాలి. కడ్డీ కదిలినప్పుడు ముల్లు కదలడం, కడ్డీ ఆగినప్పుడు ముల్లు ఆగడం వాడు తన కన్నులతో చూడాలి. ఆ ముల్లు కదిలేది రవంతయే. దానిని చూచి చిన్నదని చప్పరించేవారు కొందరుంటారు. ఎందుకు కదిలిందని అడిగేవాడు ఒక్కడుండినా, ఆ తరగతి పాఠం వ్యర్థం కాలేదన్నమాట.